మా అమ్మ శాంతమూర్తి కాదు. మరి ఆమె గురించి ఏం చెప్పాలి?

వానచినుకు:
అమ్మ పోయి ఇవాళ్టికి 19 రోజులు. 78 ఏళ్ళు ఆమెకి. వచ్చే ఆదివారం ఇంటివాళ్ళం అందరం ఒకచోట కలుస్తున్నాం, తలా నాలుగు మాటలు ఆమె గురించి చెప్పుకుందామని. అన్నయ్య తను చదవబోయేది రాసి ముందుగా నాకు పంపాడు. "అమ్మ శాంతమూర్తి, సహనానికి మారుపేరు, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు" అని మొదలైంది. చదివి ఫోన్ బోర్లా పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇది ఎవరి గురించి రాశాడు అనిపించింది.

మా అమ్మ మాట్లాడితే పక్క వీధికి వినపడేది. తప్పు అనిపిస్తే ఎదురుగా ఉన్నది ఎవరని చూసేది కాదు. చిన్నప్పుడు చదువు మాన్పించారని ఆమెకి కడుపులో మంట ఉండేది, అన్నయ్య పదో తరగతి పరీక్ష రాసిన ఏడాదే తనూ ఫీజు కట్టి రాసింది, అప్పటికి ఆమెకి 38 ఏళ్ళు, లెక్కల్లో వాడికన్నా రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుని ఆ కాగితం ఆఖరిదాకా బీరువాలో దాచుకుంది. 61వ ఏట సైకిల్ నేర్చుకుంది. ఏడేళ్ళ మనవరాలు తొక్కుతుంటే పక్కన నిలబడి చూసీ చూసీ "ఏదీ నాకివ్వవే" అని ఎక్కేసింది, పడింది, మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టుతో ఉండి అది విప్పించుకున్న సాయంత్రమే మళ్ళీ సైకిల్ దగ్గరికి నడిచింది. చివరిసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక కుర్ర డాక్టర్ తలుపు దగ్గరే నిలబడి ఏదో నసుగుతుంటే, "ఇటొచ్చి కూర్చో బాబూ, అక్కడ నిలబడితే పారిపోయేట్టున్నావు, నాకింకా ఎన్నాళ్ళుందో అది చెప్పు" అంది. ఆ అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. నిజం చెప్పాడు. ఆమె అతని చెయ్యి తట్టింది.

ఈ మనిషి శాంతమూర్తి అనే మాటలో ఎక్కడ పడుతుంది? అన్నయ్యతో గొడవ పెట్టుకోవడం ఇష్టం లేదు, అలాగని అది వింటూ కూర్చోవడం నా వల్ల కాదు. మీకెవరికైనా ఇలాంటిది ఎదురైతే ఏం చేశారో చెప్పండి. ఇంకో సంగతి, నిన్న ఆ డాక్టర్ విషయం గుర్తొచ్చి గట్టిగా నవ్వేశాను, మరుక్షణం ఏదో తప్పు చేసినట్టయింది. అలా నవ్వు రావడం మామూలేనా?

పాతరేడియో:
తల్లీ, నా వయసు 67. పోయినవాళ్ళు తిరిగొచ్చి జవాబు చెప్పుకోలేరు కాబట్టి మంచే చెప్పాలని మా పెద్దవాళ్ళు అనేవారు, నేనూ అదే నమ్ముతాను. మా అమ్మా కోపిష్టే. ఆమె పోయినప్పుడు నేను ఆ ఊసే ఎత్తలేదు. నలుగురిలో "ఆమె అరిచేది" అంటే వినేవాళ్ళకి ఆ అరుపు ఒక్కటే మిగులుతుంది, దాని వెనకాల ఏముందో మిగలదు. మీ అన్నయ్య ఆ భయంతోనే అలా రాసి ఉంటాడు, ఆయన్ని తప్పు పట్టకు.

గుమ్మందగ్గర:
పెద్దాయన మాట కాదనాలని కాదు కానీ నా అనుభవం వేరు. మా నానమ్మ నాకు ఐదేళ్ళప్పుడు పోయింది. ఇంట్లో ఎవరిని అడిగినా "దేవత రా" అనేవాళ్ళు, అంతే, ఆపైన ఇంకేం ఉండేది కాదు. నాకామె గోడ మీద ఒక ఫోటో మాత్రమే. పోయినేడు మా అత్త ఏదో మాటల మధ్యలో చెప్పింది, నానమ్మ ఒకసారి తాతయ్యతో గొడవపడి ఇద్దరు పిల్లల్ని తీసుకుని రాత్రికి రాత్రి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయిందట, 20 రోజులు రాలేదట, చివరికి తాతయ్య వెళ్ళి బతిమాలితే "ఇంటి డబ్బు లెక్క ఇకమీద నా చేతిలో ఉంటుంది, ఒప్పుకుంటే వస్తాను" అందట. ఒప్పుకున్నాడు. మా నాన్న చదువు ఆ డబ్బుతోనే అయింది. ఇది విన్న రోజు నుంచి ఆ ఫోటోలో మనిషి నా వైపు చూస్తున్నట్టు ఉంటుంది. 30 ఏళ్ళు ఈ కథ నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదో, ఆమె పరువు పోతుందనుకున్నారేమో.

నీలికాగితం:
వానచినుకు గారూ, ముందు నవ్వు సంగతి. నేను కౌన్సెలింగ్ చేస్తాను, అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది నన్ను మొదట అడిగేది ఇదే. 1997లో డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు భర్తో భార్యో పోయి ఆరు నెలలు దాటినవాళ్ళ చేత పోయిన మనిషి గురించి మాట్లాడించి వాళ్ళ ముఖాలు గమనించారు. కళ్ళదాకా వెళ్ళే అసలైన నవ్వు నవ్వినవాళ్ళలో బాధ తక్కువగా కనిపించింది. ఎవరి గురించి అంత ఏడ్చారో వాళ్ళ గురించే నవ్వు కూడా వస్తుంది, ఒకదానికొకటి అడ్డం కాదు.

ఈపాటికి మీకు ఎవరో ఒకరు "దుఃఖంలో ఐదు దశలు ఉంటాయి" అని చెప్పే ఉంటారు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టర్ ఆ దశల గురించి రాసింది మరణం దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వెనక మిగిలిన కుటుంబాలని చూసి కాదు. అవి మెట్లలా వరసగా రావు, రావాలని ఎదురుచూడకండి. 1999లో స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది నేను రోజూ చూసేదానికి దగ్గరగా ఉంటుంది, మనిషి కాసేపు ఆ బాధలోకి వెళ్తాడు, కాసేపు బయటికొచ్చి కరెంటు బిల్లు కడతాడు, మళ్ళీ లోపలికి వెళ్తాడు, ఆ తిరుగుడులోనే మెల్లగా సర్దుకుంటాడు. ఒకప్పుడు "పోయినవాళ్ళని వదిలెయ్యి, అప్పుడే తేరుకుంటావు" అనేవాళ్ళు, 1996లో డెనిస్ క్లాస్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు దానికి ఎదురు చెప్పారు, బంధం తెగిపోనక్కర్లేదు, రూపం మార్చుకుని ఉంటుంది అని. అలా ఉండాలంటే అవతల ఒక నిజమైన మనిషి ఉండాలి కదా. శాంతమూర్తితో మీరు వాదించలేరు, మీ అమ్మతో వాదించగలరు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీర్ఘకాల దుఃఖం అనేది ఇప్పుడు ఉంది, ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకు నడవనంత తీవ్రంగా ఉంటే దానికి సాయం తీసుకోవాలి. 19 రోజుల దగ్గర దాని గురించి టెన్షన్ పడకండి.

అర్ధరాత్రిదీపం:
నేను ఇంకో వైపు నుంచి రాస్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. గట్టి మనిషి, ధైర్యవంతురాలు అని మీరంతా అంటున్నారు. మా అమ్మనీ బయటివాళ్ళు అలాగే అనేవాళ్ళు. ఆ గట్టిదనం కింద పెరిగింది నేను. ఆమె మాట విసిరితే నాకు రెండు మూడు రోజులు అన్నం దిగేది కాదు. ఆమె పోయాక అందరూ "పులి లాంటి మనిషి" అంటుంటే నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను, ఆమె కోసమో నా కోసమో తెలియలేదు. కాబట్టి కోపం గురించి చెప్పాలనుకుంటే అది ఎవరి మీద పడిందో వాళ్ళ గురించి కూడా చెప్పండి. అది చెప్పలేకపోతే మీ అన్నయ్య కాగితమే నయం.

వానచినుకు:
అర్ధరాత్రిదీపం, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. మీరన్నది నిజం, నేను దాన్ని దాటేసి రాశాను. ఇప్పుడు చెప్తాను.

నేను విడాకులు కావాలనుకుని కాపురం వదిలి బయటికొచ్చినప్పుడు అమ్మ నాతో మూడు నెలలు మాట్లాడలేదు. అంతకుముందు ఒక మాట అంది, అది ఇక్కడ రాయను, ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. మూడు నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే సంచి పట్టుకుని నా గది తలుపు కొట్టింది. క్షమించమని అనలేదు, ఆమెకి ఆ మాట నోట రాదు. "వాయిదా ఎప్పుడు?" అంది. ఆ తర్వాత ప్రతి వాయిదాకీ వచ్చింది, కోర్టు బెంచీ మీద నా పక్కన కూర్చునేది, లోపల వాళ్ళు ఏమంటున్నారో అర్థం కాకపోతే బయటికొచ్చాక లాయర్ని ఆపి అర్థమయ్యేదాకా అడిగేది. రెండేళ్ళు. ఒక్క వాయిదా తప్పలేదు. ఆ మాట అన్నదీ ఆమే, ఆ బెంచీ మీద కూర్చున్నదీ ఆమే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే రెండూ అబద్ధమైపోతాయి నా లెక్కలో.

మా అమ్మాయికి 15 ఏళ్ళు. అది ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. మొన్న రాత్రి మాత్రం "అమ్మమ్మ నాలో ఏమైనా ఉందా అసలు, అందరూ నాన్న పోలిక అంటారు" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

సూక్ష్మదర్శిని:
మీ అమ్మాయికి నేను జవాబు చెప్తాను, పిల్లలకి జీవశాస్త్రం చెప్పడం నా పని.

ఆడపిల్ల పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే, ఆ పిల్ల అండాశయాల్లో అండాల తొలి కణాలు తయారైపోతాయి. గర్భం 20 వారాలు వచ్చేసరికి అవి 60, 70 లక్షల దాకా ఉంటాయి, ఆ తర్వాత తగ్గుతూ వస్తాయి. అంటే వానచినుకు గారూ, మీ అమ్మ మిమ్మల్ని మోస్తున్నప్పుడే మీ అమ్మాయి ఏ కణం నుంచి పుట్టిందో ఆ కణం మీ లోపల ఉంది. మీ అమ్మాయికి మూలమైన ఆ అండం తయారవడం మొదలైంది అమ్మమ్మ కడుపులోనే. ఇది ఊరికే బాగుందని చెప్పే మాట కాదు, అక్షరాలా జరిగేది.

రెండోది. మన కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియాకి సొంత డీఎన్‌ఏ ఉంటుంది, అది దాదాపు పూర్తిగా తల్లి నుంచే వస్తుంది. ముఖం ఎవరి పోలికైనా కావచ్చు, మీ అమ్మాయి పరిగెత్తినప్పుడు లోపల పనిచేసేది అమ్మమ్మ వరసలో వచ్చింది. ఆ సైకిల్ తొక్కిన కాళ్ళలో పనిచేసింది కూడా అదే. ఇది వెనక్కి కూడా జరుగుతుంది, బిడ్డ కణాలు కొన్ని తల్లి ఒంట్లోకి వెళ్ళి ఉండిపోతాయి, 1996లో డయానా బియాంకీ బృందం మగబిడ్డని కన్న 27 ఏళ్ళ తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో ఆ కణాల జాడ చూసింది. కాబట్టి మీరూ మీ అన్నయ్యా కూడా ఆమెలో కొంత ఉండే ఉంటారు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, ఈ విషయం వస్తే నాకు ఆగదు. పిల్లలు పుట్టే వయసు దాటాక ఆడవాళ్ళు అన్నేళ్ళు ఎందుకు బతుకుతారు అనేది శాస్త్రానికి పాత ప్రశ్న. క్రిస్టెన్ హాక్స్, ఆమె తోటి పరిశోధకులు టాంజానియాలో హడ్జా ప్రజల మధ్య ఉండి చూస్తే, పెద్ద వయసు ఆడవాళ్ళు గట్టి నేల తవ్వి దుంపలు తెచ్చి మనవల్ని పోషిస్తున్నారు. అమ్మమ్మలు, నానమ్మల వల్లే మనిషి ఆయుష్షు పెరిగి ఉంటుందని వాళ్ళు 1998లో ప్రతిపాదించారు. దీని మీద ఇంకా వాదనలు ఉన్నాయి. సముద్రంలో ఓర్కా తిమింగలాల్లో కూడా ఈనడం ఆగిపోయిన ముసలి ఆడవే గుంపుకి ముందుండి, చేపలు తక్కువైన ఏడాది దారి చూపిస్తాయి. మీ అమ్మలాంటివాళ్ళు ఎక్కడో తప్పిపుట్టినవాళ్ళు కాదు, ఆ వయసులో ముందు నడవడం చాలా పాత సంగతి.

వానచినుకు:
మా అమ్మాయికి చదివి వినిపించాను. మొదటి పేరా మళ్ళీ చదవమంది. తర్వాత వెళ్ళి పడుకుంది, కానీ తలుపు మూసుకోలేదు, ఈ 19 రోజుల్లో మొదటిసారి. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు సార్ లేదా మేడమ్.

పాతపెట్టె:
నేను పాత కాగితాలు, ఫోటోలు బాగుచేసే పని చేస్తాను, అందుకని పనికొచ్చేవి రెండు చెప్తాను. అమ్మగారిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆదివారం దాకా ఆగకండి, ఇప్పుడే వెళ్ళి కలవండి. "అమ్మ గురించి ఏమైనా చెప్పండి" అని అడిగితే "చాలా మంచిది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఒక ఫోటోనో ఆమె వాడిన వస్తువో చేతిలో పెట్టి అప్పుడు అడగండి. పెద్దవాళ్ళకి పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి మిగతావాటికన్నా బాగా గుర్తుంటాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఫోటోల వెనక బాల్‌పెన్‌తో రాయకండి, మెత్తటి పెన్సిల్‌తో ఒత్తకుండా రాయాలి. జిగురు పేజీల ఆల్బంలో ఉంటే లాగేయకండి, చిరిగిపోతాయి, ముందు ఉన్నవి ఉన్నట్టే స్కాన్ చెయ్యండి, 600 డీపీఐ పెట్టుకుంటే చాలు.

రెండోది మీ అసలు ప్రశ్న గురించి. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనేవాళ్ళు పిల్లల్ని 20 ప్రశ్నలు అడిగారు, మీ అమ్మానాన్నలు ఎలా కలిశారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ కష్టం పడ్డారు, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకి నమ్మకం ఎక్కువగా కనిపించింది. అందులోనూ అంతా గొప్పలే చెప్పుకునే ఇళ్ళకన్నా, పడ్డాం లేచాం మళ్ళీ పడ్డాం అని చెప్పుకునే ఇళ్ళ కథలే పిల్లలకి బలమని వాళ్ళు అంటారు. మీ అమ్మాయి కోసమైనా సైకిల్ మీంచి పడ్డ సంగతి చెప్పాలి.

సైకిల్‌గంట:
అత్తా, నేను. పేరు చూస్తే తెలిసిపోతుందిలే. నువ్విక్కడ రాస్తున్నావని నాకు నిన్ననే తెలిసింది, రాత్రంతా చదివాను. ఆ సైకిల్ నాదే, నానమ్మ పడినప్పుడు వెనక సీటు పట్టుకున్నది నేనే, "వదలకే" అంటే వదిలేశాను, ఏడేళ్ళదాన్ని కదా భయమేసి. కట్టుతో ఉన్న ఆరు వారాలూ ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. నాన్న నన్ను తిట్టబోతే "పట్టుకోమన్నది నేను, పడింది నేను, దానికేం సంబంధం" అని నాన్న మీదే లేచింది.

నాన్న గురించి నీకు తెలియనిది ఒకటుంది. నీకు చెప్పొద్దన్నాడు, కానీ చెప్పకపోతే మీరిద్దరూ ఆదివారం మాట్లాడుకోవడం మానేస్తారని భయంగా ఉంది. నానమ్మని చివరిసారి ఆస్పత్రిలో చేర్చే ముందురోజు ఇద్దరికీ పెద్ద గొడవైంది. ఆస్పత్రికి రానంది, నాన్న గట్టిగా అరిచాడు, ఆమె "నువ్వు నా కొడుకువే కావు పో" అంది. తర్వాత అంతా మందుల మత్తులోనే గడిచింది, మీ అందరితో అప్పుడప్పుడూ మాట్లాడింది కానీ నాన్న వెళ్ళినప్పుడల్లా నిద్రలోనే ఉంది. ఆయనకి ఆమె దగ్గర మిగిలిన ఆఖరి మాట అదే. "ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు" అని ఎందుకు రాశాడో ఇప్పుడు అర్థమైందా? రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ ఒక్క లైన్ దగ్గర చాలాసేపు ఆగాడు.

ఇంకా ఉంది. నా ఫోన్‌లో నానమ్మ వాయిస్ మెసేజ్‌లు 43 ఉన్నాయి. టైప్ చెయ్యడం రాదు కదా, అన్నీ మాటలే. గొడవ రోజు రాత్రి పెట్టినది ఆమె పోయాక గాని నేను విననే లేదు, ఆ రోజు పరీక్ష ఉండి వదిలేశాను. అందులో ఇలా ఉంది: "మీ నాన్నని ఇవాళ నానా మాటలూ అన్నాను. వాడు అరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది, నా నోరే వాడికొచ్చింది. రాత్రి బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో చూడు. నేనడిగానని చెప్పకు." నాన్నకి ఇంకా వినిపించలేదు. వినిపించనా? చెప్పకు అంది కదా.

అర్ధరాత్రిదీపం:
వినిపించమ్మా. నాకు అలాంటి మెసేజ్ ఒక్కటి ఉంటే ఎంత బాగుండేదో.

పాతరేడియో:
పైన మంచే చెప్పాలని రాశాను. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెప్తాను. మా అమ్మ కోపం గురించి నేను ఎక్కడా ఎత్తలేదని రాశాను కదా, 22 ఏళ్ళయింది, ఇప్పుడు ఆమె గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు. ఆమె మామూలుగా మాట్లాడింది తక్కువ, కోప్పడి అన్నవే ఎక్కువ. వాటిని పక్కన పెట్టేసరికి గొంతు కూడా పోయింది. మనవరాలా, ఆ 43 జాగ్రత్త. మీ నాన్నకి వినిపించు, కానీ నలుగురిలో కాదు, ముందు ఆయనొక్కడికే.

పాతపెట్టె:
ఆ మెసేజ్‌లు ఫోన్‌లోనే వదిలేయకమ్మా. ఫోన్ పోయినా, యాప్ తీసి మళ్ళీ వేసినా పోవచ్చు. ఇవాళే ఒక్కొక్కటీ ఫైలుగా బయటికి తీసి, ఫైలు పేరులో తారీఖు పెట్టు. మూడు చోట్ల ఉంచు, కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో ఒకటి, మూడోది వేరే ఇంట్లో, మీ అత్త దగ్గర ఉంటే మంచిది. దగ్గులు, వెనకాల శబ్దాలు బాగుచేద్దామని అసలు ఫైలు ముట్టుకోకు, కావాలంటే ఇంకో కాపీ మీద చేసుకో. పదేళ్ళు పోయాక ఆ దగ్గే కావాలనిపిస్తుంది.

వానచినుకు:
బంగారం, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. వాడి మీద ఈ మూడు రోజులూ లోపల్లోపల ఎంత కోపం పెట్టుకున్నానో. ఫోన్ చేశాను, ఏమీ మాట్లాడలేదు, నువ్వు తిన్నావా అంటే నువ్వు తిన్నావా అనుకుని పెట్టేశాం. ఆ మెసేజ్ రేపే వినిపించు. చెప్పకు అన్నదంటే చెప్పమని అర్థం, ఆమెతో 49 ఏళ్ళు ఉన్నాను, నాకు తెలుసు.

గుమ్మందగ్గర:
అక్కా, ఆదివారం అయ్యాక ఎలా జరిగిందో రాయండి. ఎదురుచూస్తుంటాం.

వానచినుకు:
ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఆదివారం అయింది.

అన్నయ్య శనివారం రాత్రే విన్నాడట, గదిలో ఒక్కడే, మా మేనకోడలు బయట కూర్చుంది. బయటికొచ్చి ఏమీ అనకుండా మాత్ర వేసుకున్నాడట. మర్నాడు తన వంతు వచ్చినప్పుడు కాగితం జేబులోంచి తీశాడు, మడత విప్పాడు, మళ్ళీ మడిచి పెట్టేసుకున్నాడు. "లెక్కల్లో నాకన్నా రెండు మార్కులు ఎక్కువ" అన్నాడు. అంతే, తర్వాత గొంతు రాలేదు. నేను లేచి కోర్టు బెంచీ గురించి చెప్పాను, అంతకుముందు ఆమె అన్న మాట ఉందని కూడా చెప్పాను, ఆ మాట ఏంటో చెప్పకుండా. అర్ధరాత్రిదీపం, మీరు గుర్తొచ్చారు. అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ, 81 ఏళ్ళావిడ, సైకిల్ కథ వింటూ "అది తొమ్మిదేళ్ళప్పుడే మా నాన్న సైకిల్ దొంగతనంగా తీసి పడేసి తన్నులు తింది, ఆడపిల్లకెందుకే అని మళ్ళీ ముట్టనివ్వలేదు" అంది. మాలో ఒక్కరికీ తెలియదు ఈ సంగతి. అంటే 61 ఏళ్ళకి కొత్తగా పుట్టిన సరదా కాదు అది, 52 ఏళ్ళు ఆగింది.

మా అమ్మాయి సాయంత్రం పాత సైకిల్ బయటికి తీసింది. వెనక చక్రంలో గాలి లేదు. అన్నయ్య చొక్కా చేతులు మడుచుకుని పంపు వెతుకుతున్నాడు, ఇది రాస్తుంటే ఇంకా వెతుకుతూనే ఉన్నాడు, ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలుసు.